ఖాళీ ఇల్లని చెప్పాను

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఎవరూ చెప్పమనలేదు, ఎవరూ నేర్పలేదు. "ఆల్సీడా? వాడిప్పుడెక్కడున్నాడండీ, కనెటికట్‌లో పని దొరికి వెళ్లిపోయి రెండేళ్లయింది. ఇల్లు ఖాళీ," అన్నాను. పైగా, అనేశాక మాట భలే కుదిరిందని లోలోపల మురిసిపోయాను.

సెప్టెంబర్ చివరి వారం. లోయ మొత్తం బంగాళాదుంపల తవ్వకంలో ఉంది. పిల్లలు పొలాలకి పోతారని బళ్లు కూడా మూసేశారు. నా షెడ్డు మా రోడ్డు మొదట్లోనే ఉంటుంది. చెట్లు కోసే రంపాలు, మంచు ఊడ్చే యంత్రాలు బాగుచేస్తాను. రెండేళ్లు కాలేజీకి కూడా వెళ్లాను గానీ, ఆ చదువు నా చేతి జిడ్డుని వదిలించలేకపోయింది. మా రోడ్డులోకి ఎవరు రావాలన్నా నా కళ్ల ముందు నుంచే రావాలి. ఆ రోజు తెల్లకారు వచ్చి ఆగింది. మీద ఒక్క బురద చుక్క లేదు, అంటే మా లోయ కారు కాదు. దిగినవాడు పల్చటి తోలు బూట్లేసుకున్నాడు. చేతిలో మందపాటి కవరుంది.

"ఆల్సీడ్ డేగల్ ఇల్లు ఎక్కడండీ?"

"ఏ ఆల్సీడ్? పొడుగు ఆల్సీడా, చెవిటి ఆల్సీడా, చర్చిలో గంట కొట్టే ఆల్సీడా?"

"కలప లారీ నడిపే ఆయన. భార్య పేరు జెర్మేన్."

జెర్మేన్ నా సొంత చెల్లెలు. వాళ్లిల్లు నా షెడ్డు నుంచి అర మైలు. చిమ్నీ పొగ కూడా కనపడుతుంది. పొగ వైపు చూడకుండా నేను ఆ కనెటికట్ మాట చెప్పేశాను.

బయటివాళ్లకి ఇది ఎందుకో అర్థం కాదు. మా ఊరు నది ఒడ్డున ఉంది, అవతలి గట్టు కెనడా. మా తాతల కాలంలో పడవల్లో సారా దాటించేవాళ్లు, మా నాన్నల కాలంలో సిగరెట్లు. చేతిలో కాగితం పట్టుకుని ఎవడొచ్చినా, వాడు అడిగిన మనిషి ఆ ఊళ్లో పుట్టనే లేదని చెప్పడం మాకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. చర్చిలో పాపాలు ఒప్పుకునేటప్పుడు కూడా మావాళ్లెవరూ ఆ అబద్ధాల్ని లెక్కలోకి తెచ్చేవాళ్లు కాదు. ఫాదర్ కూడా ఎప్పుడూ అడగలేదు.

దానికి తోడు నాకో సొంత భయం ఉంది. పన్నెండు రోజుల ముందు ఆల్సీడ్ అడవిలో ఒక మూస్‌ని కొట్టాడు. గుర్రమంత ఎత్తుండే దుప్పి అది. ప్రభుత్వం తీసే లాటరీలో వేట పర్మిట్ వచ్చినవాడే కొట్టాలి. ఆల్సీడ్‌కి పదిహేడేళ్లుగా రాలేదు. సగం మాంసం వాళ్ల ఫ్రీజర్లో ఉంది, సగం నా ఫ్రీజర్లో. జెర్మేన్‌కి మాత్రం పర్మిట్ వచ్చిన మా కజిన్ ఒకడు పంచాడని చెప్పాం. కాబట్టి ఆ కవరు చూడగానే నాకు అటవీ గార్డులే గుర్తొచ్చారు.

ఆ మనిషి నేను చెప్పిందంతా చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. "మీ పేరండీ?" అన్నాడు. చెప్పలేదు. వాడు నవ్వి, తలెత్తి, షెడ్డు మీద నేనే రంగేసి రాసుకున్న బోర్డు చూశాడు: ఫెర్నాండ్ తెరియో, రంపాల రిపేరు. అదీ రాసుకున్నాడు.

కారు మలుపు తిరగ్గానే నేను రోడ్డు మీదున్న మిగతా తొమ్మిది ఇళ్లకీ ఫోన్లు చేశాను. ఎవడైనా వచ్చి అడిగితే ఆల్సీడ్ కనెటికట్‌లో ఉన్నాడు, ఇల్లు ఖాళీ. ఎవరూ ఎందుకని అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆల్సీడ్ లారీ ఆపి షెడ్డులోకి వచ్చాడు.

"ఏం బావా, నన్ను కనెటికట్ తోలేశావట?"

"ఎవరు చెప్పారు?"

"ముసలి బెర్తా. పోస్టాఫీసులో నన్ను చూసి, 'ఎప్పుడొచ్చావు నాయనా, ఎలా ఉంది ఆ దేశం' అని పలకరించింది. పంపేవాడివి ఫ్లోరిడా పంపొచ్చుగా! కాస్త ఎండలో కూర్చునేవాణ్ణి."

"నవ్వకు. వాడు గార్డుల తాలూకు మనిషిలా ఉన్నాడు. చేతిలో కవరుంది."

ఆల్సీడ్ ముఖం కొంచెం మారింది. "మూస్ సంగతేనంటావా?"

"మరింకేముంటుంది? బ్యాంకు గానీ దోచావా ఏంటి?"

ఇద్దరం పగలబడి నవ్వాం. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. దాన్ని ఎలా వదిలించుకోవాలో తెలియదు.

రెండు వారాల తర్వాత ఆ మనిషి మళ్లీ వచ్చాడు. ఈసారి నా దగ్గర ఆగలేదు. తొమ్మిది ఇళ్లూ తిరిగాడు, తొమ్మిది ఇళ్లూ ఒకే పాట పాడాయి. మూడోసారి వచ్చినప్పుడు ఏం జరిగిందో ఆల్సీడ్ నాకు నటించి మరీ చూపించాడు. ఇంటి వెనక కట్టెలు పేరుస్తుంటే వాడు నేరుగా ఎదురుగా వచ్చి నిలబడ్డాడట.

"'మీరు ఆల్సీడ్ డేగలేనా' అన్నాడు బావా. 'అయ్యో, నేనెక్కడ, ఆయనెక్కడ! ఆయన లేరు కదా, నాలుగు కట్టెలు పట్టుకుపోదామని వచ్చా' అన్నాను. 'అది దొంగతనం కాదా' అన్నాడు. 'ఖాళీ ఇంటి కట్టెలకి దొంగతనం ఏంటండీ' అన్నాను. నోరు తెరుచుకుని చూశాడు. ఫోను పైకెత్తి ఏదో చూసుకుని వెళ్లిపోయాడు."

"జెర్మేన్ ఎక్కడుంది?"

"బళ్లో వంటకి పోయింది. దానికి మాత్రం చెప్పకు. మూస్ సంగతి తెలిసిందంటే నన్ను కోసి ఆ ఫ్రీజర్లోనే పెడుతుంది."

ఆ తర్వాత ఎవరూ రాలేదు. చలికాలం పోయింది, ఎండాకాలం పోయింది. మూస్ మాంసం అయిపోయింది. మా లెక్కలో గార్డులు ఓడిపోయారు, మేం గెలిచాం. ఏడాది పాటు అలాగే గెలుస్తూ కూర్చున్నాం.

ఆ ఏడాదిలో ఒక్క జెర్మేన్‌కే ఏదో తేడాగా అనిపించేది. మూడేళ్ల కిందట ఆల్సీడ్ కాలు మీద దుంగ పడి ఐదు నెలలు మంచంలో ఉన్నప్పుడు ఇంటి అప్పు వాయిదాలు ఆగాయి. కోలుకున్నాక మళ్లీ కట్టడం మొదలుపెట్టారు, బ్యాంకు కూడా సరేనంది. ఈలోగా ఆ బ్యాంకు వాళ్ల అప్పుని టెక్సాస్‌లో ఏదో కంపెనీకి అమ్మేసింది. అప్పటి నుంచీ జెర్మేన్ పంపిన చెక్కులు పంపినట్టే తిరిగొస్తున్నాయి. ఆమె మళ్లీ పంపేది. తిరిగొచ్చిన ప్రతిదాన్నీ బిస్కెట్ల డబ్బాలో దాచేది.

"ఫోన్ చేస్తే ఏమంటున్నారు?" అని ఒకసారి అడిగాను.

"మనిషి మాట్లాడితే కదా అన్నయ్యా! యంత్రం మాట్లాడుతుంది. గంటసేపు పాట వినిపించి, చివర్లో ఒకమ్మాయి వచ్చి 'మీ ఫైలు వేరే విభాగానికి వెళ్లింది' అంటుంది. ఏ విభాగమని అడిగితే 'చెప్పడానికి నాకు అనుమతి లేదు' అంటుంది."

"అన్నం పెట్టే విభాగం అయితే కాదులే," అన్నాను. నవ్వింది. కానీ కళ్లతో నవ్వలేదు.

జనవరి రెండో వారంలో, మధ్యాహ్నం మూడింటికి, జెర్మేన్ మోకాలి లోతు మంచులో నడుచుకుంటూ నా షెడ్డుకి వచ్చింది. చేతిలో కూరగాయల సంచి.

"అన్నయ్యా, తాళంచెవి తిరగట్లేదు."

"గడ్డకట్టి ఉంటుంది. నూనె పట్టుకొస్తా పద."

"గడ్డకట్టలేదు. అది నా తాళమే కాదు."

వెళ్లి చూశాను. వంటింటి తలుపుకి మెరిసిపోతున్న కొత్త తాళం ఉంది. పక్కన కిటికీ అద్దం లోపలి వైపు ఒక పసుపుపచ్చ కాగితం అంటించారు: ఈ ఇల్లు ఖాళీగా ఉన్నట్టు నిర్ధారించబడింది. కింద ఒక ఫోన్ నంబరు.

పలుగుతో తాళం పగలగొట్టాను. లోపల కూడా బయటలాగే చల్లగా ఉంది. హీటర్ ఆపేశారు. గొట్టాల్లో నీళ్లన్నీ ఒలకబోసి, పంపులకి టేపులు చుట్టారు. టాయిలెట్‌లో గడ్డకట్టకుండా పోసే గులాబీ రంగు మందు నిండుగా ఉంది. మంచాలు సర్దినవి సర్దినట్టున్నాయి. తలుపు వెనక ఆల్సీడ్ కోటు వేలాడుతోంది. పొయ్యి మీద పొద్దున తను వండిపెట్టి వెళ్లిన బఠాణీ సూప్ గిన్నె ఉంది.

జెర్మేన్ మూత తీసి చూసింది.

"వాళ్లు ఈ గిన్నె దాటుకునే వెళ్లారు," అంది. "అప్పటికి ఇంకా వేడిగా ఉండి ఉంటుంది. ఇది చూసి కూడా ఖాళీ అని రాశారు."

మూస్ కోసం వచ్చేవాళ్లు టాయిలెట్‌లో మందు పోయరు. ఎక్కడో, ఎవరో, నా మాటని నమ్మారు. నమ్మి, ఆ మాట చెప్పినట్టే ఇంటిని తయారుచేయడం మొదలుపెట్టారు.

ప్రెస్క్ ఐల్‌లో డబ్బు తీసుకోకుండా కేసులు చూసే ఒక లాయరమ్మ ఉంది, పేరు హోల్‌బ్రుక్. వయసు ముప్పై ఉంటుందేమో. చదివేటప్పుడు పెన్సిల్ కొరుకుతుంది. మేం ముగ్గురం వెళ్లి ఆవిడ ముందు కూర్చున్నాం. ఆవిడ కంప్యూటర్‌లోంచి కాగితాలు తీస్తూనే ఉంది. ప్రింటర్ ఆగట్లేదు.

"ఇది ఫెడరల్ కోర్టులో కేసు. బాంగోర్‌లో," అంది. "మీ ఇంటిని వేలం వేయించమని ఆ కంపెనీ పదహారు నెలల కిందట వేసింది. నవంబర్‌లో తీర్పు కూడా అయిపోయింది. మీరు రాలేదు కాబట్టి వాళ్లు అడిగిందంతా ఇచ్చేశారు. తొంభై రోజులు గడువు. ఫిబ్రవరి ఆఖరికి అయిపోతుంది."

"మాకెవరూ చెప్పలేదండీ," అంది జెర్మేన్. "ఒక్క ఉత్తరం రాలేదు."

"ఉత్తరాలు పంపారు. మీ రోడ్డు పేరు, ఇంటి నంబరు వేసి."

"మా రోడ్డుకి ఉత్తరాలు తెచ్చే మనిషే లేడు! అందరికీ పోస్టాఫీసులోనే పెట్టెలు."

"అందుకే తిరిగొచ్చాయి. అవి తిరిగొచ్చినందుకూ, మనిషి వెళ్లి ఇవ్వబోతే మీరు దొరకనందుకూ, వేరే దారిలో తెలియజేయడానికి జడ్జి ఒప్పుకున్నారు. బాంగోర్ పేపర్లో మూడు వారాలు ప్రకటన వేశారు. ఇంటి ముందు తలుపుకి నోటీసు అంటించారు."

ముందు తలుపు నది వైపుంటుంది. వరదలో నది మీది మంచు గడ్డలు కొట్టుకొచ్చి మెట్లని పట్టుకుపోయిన ఏడాది నుంచి అటువైపు మనిషి అడుగుపెట్టలేదు. ఇక బాంగోర్ పేపరంటే, మా లోయలో దాన్ని తడిసిన బూట్లలో కుక్కడానికి తప్ప ఎవరూ వాడరు.

లాయరమ్మ ఇంకో కాగితం తీసింది. "కోర్టు ఎందుకు ఒప్పుకుందంటే, దీని వల్ల. కాగితాలు అందించే మనిషి, డట్టన్ అని, ఇచ్చిన ప్రమాణ పత్రం." పెన్సిల్‌తో గీత పెట్టుకుంటూ చదివింది. "'రోడ్డు మొదట్లో ఉన్న ఫెర్నాండ్ తెరియో అనే వ్యాపారి చెప్పిన ప్రకారం, డేగల్ దంపతులు రెండేళ్ల కిందటే కనెటికట్‌కి వెళ్లిపోయారు, ఇల్లు ఖాళీగా ఉంది. ఆ రోడ్డులోని మిగతా తొమ్మిది ఇళ్లవారూ ఇదే ధ్రువీకరించారు.'"

జెర్మేన్ నా వైపు తిరిగింది. నేను నా గోళ్లలో జిడ్డు చూసుకుంటూ కూర్చున్నాను.

"తెరియో అంటే మీరేనా?" అంది లాయరమ్మ.

"నేనేనండీ."

"అబద్ధం చెప్పారా?"

"చెప్పాను."

ఆవిడ తిట్టలేదు. ముఖం వెలిగింది కూడా. "మంచిది! అయితే దారుంది. మీకు కేసు సంగతే తెలియదు. పొరుగాయన కొత్తవాణ్ణి చూసి ఏదో అనేశాడు. మీరు డబ్బు పంపుతూనే ఉన్నారు, రుజువుగా డబ్బా నిండా చెక్కులున్నాయి. తీర్పు తీసేసి కేసు మొదటి నుంచి వినమని అడుగుదాం. జడ్జి వినొచ్చు." అంతలో పెన్సిల్ ఆపింది. "ఒక్కటి మాత్రం చెప్పండి మిస్టర్ డేగల్. ఈ డట్టన్ అనే మనిషిని మీరెప్పుడైనా కలిశారా? ఎవరో మిమ్మల్ని వెతుకుతున్నారని మీకు తెలుసా?"

ఆల్సీడ్ నన్ను చూడలేదు. జెర్మేన్‌ని చూశాడు.

"లేదండీ," అన్నాడు.

నేను నోరు మెదపలేదు. ఆ గదిలో కాగితాలున్నాయి, కొత్త మనిషి ఉంది. మా నోళ్లు వాటంతటవే మూసుకుపోయాయి.

బాంగోర్ మూడున్నర గంటల దారి. లారీలో ముగ్గురం పక్కపక్కన కూర్చున్నాం, జెర్మేన్ మధ్యలో. పెళ్లిళ్లకి వేసుకునే నీలం గౌను వేసుకుంది. డబ్బాని ఒళ్లో పెట్టుకుంది. దార్లో ఒక్కసారే మాట్లాడింది.

"ఆ ఇంటి కప్పుకి ప్రతి చెక్క పలకా నేనే అందించాను అన్నయ్యా. తొమ్మిదో నెల కడుపుతో నిచ్చెన ఎక్కాను. ఈయనేమో పైనుంచి 'తొందరగా ఇవ్వు, వానొస్తోంది' అని కేకలు."

"వానొచ్చిందిగా మరి," అన్నాడు ఆల్సీడ్.

"వచ్చింది. నేను తడిశాను. కప్పు తడవలేదు."

కోర్టు గదిలో కిటికీలు చాలా ఎత్తులో ఉన్నాయి. అక్కడి నుంచి ఆకాశం తప్ప ఏమీ కనపడదు. జడ్జి సన్నటి మనిషి, గొంతు చిన్నది. ఆవిడ మాట్లాడితే వినడానికి అందరూ కొంచెం ముందుకు వంగాల్సిందే. కంపెనీ తరఫు లాయరు వెనక వరసలో ఎవరో కూర్చున్నారని గమనించాను. పల్చటి తోలు బూట్లు.

ముందు ఆల్సీడ్ ప్రమాణం చేశాడు. డట్టన్ అనే మనిషిని ఎప్పుడూ చూడలేదన్నాడు. ఎవరైనా వెతుకుతున్నట్టు తెలియదన్నాడు. గొంతు వణకలేదు. మా తాతలు విని ఉంటే గర్వపడేవాళ్లు.

తర్వాత నా వంతు వచ్చింది. మా లాయరమ్మ అడిగినవాటికి అంతా ఉన్నదున్నట్టు చెప్పాను. అవును, ఇల్లు ఖాళీ అని అబద్ధం చెప్పాను. అవును, ఆ రోజు కూడా వాళ్లు ఆ ఇంట్లోనే ఉన్నారు. జడ్జి నా వైపు కాస్త దయగానే చూసిందనిపించింది.

కంపెనీ లాయరు లేచాడు. తీరిగ్గా కోటు బొత్తాం పెట్టుకున్నాడు.

"ఎందుకు అబద్ధం చెప్పారు మిస్టర్ తెరియో?"

"మేం కొత్తవాళ్లకి చెప్పమండీ. అలవాటు."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"అలవాటు. సరే. సొంత బావగారి గురించి ఎవరో కవరు పట్టుకుని వచ్చి అడిగారు. ఆ సంగతి బావగారికి చెప్పారా?"

చెప్పానంటే ఆల్సీడ్ ఇప్పుడే, ఇదే కుర్చీలో, దేవుడి మీద ప్రమాణం చేసి అబద్ధమాడినట్టు. అదీగాక మూస్ బయటికొస్తుంది, దాంతో గార్డులూ వస్తారు. జెర్మేన్ నా వైపే చూస్తోంది. ఆమె ముఖంలో భయం లేదు. తన అన్నయ్య ఏం చెప్పినా నిజమే చెబుతాడని నమ్మిన ముఖం అది.

"లేదండీ," అన్నాను.

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా."

"థాంక్యూ." ఆయన కూర్చోలేదు. వెనక్కి తిరిగి, డట్టన్‌ని పిలిచాడు.

డట్టన్ ప్రమాణం చేశాడు. తను ఎక్కడికెళ్లినా, ఎవరితో మాట్లాడినా ఫోనుతో ఒక ఫొటో తీస్తాననీ, అందులో తేదీ, గంట కూడా పడతాయనీ, అది తన పనిలో భాగమనీ చెప్పాడు. ఆ ఫొటో తెర మీద వేశారు. గోడంత పెద్దగా వచ్చింది. వాళ్లింటి వెనక కట్టెల వరస, నారింజ రంగు వేట టోపీ, చేతిలో రెండు కట్టెలు పట్టుకుని పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న ఆల్సీడ్.

"ఈయనే నాతో ఆల్సీడ్ డేగల్ ఇక్కడ లేరని చెప్పారు," అన్నాడు డట్టన్. "ఖాళీ ఇంటి కట్టెలకి దొంగతనం ఉండదు అని కూడా చెప్పారు. అందుకే గుర్తుంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. జడ్జి ఆ బొమ్మని చాలాసేపు చూసింది. తర్వాత ఆల్సీడ్‌ని, ఆ తర్వాత నన్ను చూసింది. ఆ చూపులో దయ లేదు. కోపం కూడా లేదు. ఇంటికి వేసే కొత్త తాళం లాగా ఉంది.

"పొరపాటున రాలేకపోయినవాళ్ల కోసం ఈ కోర్టు తలుపు తెరుస్తుంది," అంది, ఆ చిన్న గొంతుతోనే. "కోర్టు నుంచి దాక్కుని, తర్వాత కోర్టుకే వచ్చి అబద్ధమాడేవాళ్ల కోసం తెరవలేను. తీర్పు మారదు."

వరండాలో లాయరమ్మ గోడకి ఆనుకుని నిలబడింది. పెన్సిల్ రెండు ముక్కలై ఆవిడ చేతిలో ఉంది.

"ఎందుకు దాక్కున్నారు? నాకు అదొక్కటి చెప్పండి. కేసు అని తెలిసే దాక్కున్నారా?"

"కేసని తెలియదండీ," అన్నాను. "మూస్ అనుకున్నాం."

"ఏంటి?"

మొత్తం చెప్పాను. లాటరీ, పదిహేడేళ్లు, రెండు ఫ్రీజర్లు, తొమ్మిది ఫోన్లు. ఆవిడ కళ్లు మూసుకుంది.

"నా ఆఫీసులో అడిగిన రోజే ఇది చెప్పి ఉంటే," అంది, "నేను ఇదే మాట జడ్జికి చెప్పేదాన్ని. వీళ్లు అటవీ గార్డు అనుకుని దాక్కున్నారు, కోర్టు నుంచి కాదు అని. ఆవిడ మిమ్మల్ని తిట్టేది. మూస్‌కి జరిమానా పడేది. ఇల్లు నిలబడేది."

"ఏ మూస్?" అంది జెర్మేన్.

ఆమె ఆల్సీడ్‌ని, నన్ను మార్చి మార్చి చూసింది. లెక్కంతా ఆమె ముఖంలో ఒక్కొక్కటిగా కూడుకోవడం నాకు కనిపించింది. కట్టెల బొమ్మ, టోపీ, ఏడాది పాటు తను వండిన కూర.

"ఇప్పుడు చెప్పొచ్చా?" అని నేను లాయరమ్మని అడిగాను. "రాసిస్తే?"

"రాసివ్వొచ్చు. మళ్లీ అడగడానికి కొన్ని రోజులు గడువుంది." ఆవిడ గొంతు తగ్గించింది. "కానీ మిస్టర్ తెరియో, మీరు ఫెడరల్ కోర్టులో ప్రమాణం చేసి అబద్ధమాడారు. అది రాసిస్తే మీ చేత్తో మీరే ఒప్పుకున్నట్టు. అది మిస్టర్ డేగల్ మీదకి కూడా వస్తుంది. ముందు మీరు వేరే లాయర్‌ని పెట్టుకోండి. ఆయన కూడా. ఇకమీద నేను జెర్మేన్ ఒక్కరి తరఫునే మాట్లాడగలను."

"రాసిస్తే ఇల్లు వస్తుందా?"

"రావచ్చు. రాకపోవచ్చు. రాయకపోతే మాత్రం రాదు."

తిరుగుదారిలో ఆల్సీడ్ డ్రైవింగ్. హౌల్టన్ ఊరు దాటాం. అప్పుడు అతనే మొదలుపెట్టాడు.

"బావా, పిచ్చిపని చేయకు. ఇల్లు పోతే ఇంకోటి కట్టుకుంటా. నాకు చేతులున్నాయి. జైలుకి పోయి వచ్చినవాడికి లారీ ఎవడిస్తాడు?"

"అన్నయ్య రాస్తాడు," అంది జెర్మేన్.

"నేను బావతో మాట్లాడుతున్నా."

"నేను మా అన్నయ్య గురించి చెబుతున్నా. రాస్తాడు."

"నన్ను జైలుకి పంపి ఆ ఇంట్లో నువ్వొక్కదానివే ఉంటావా?"

ఆమె రోడ్డు వైపు చూసింది. ఇరువైపులా మంచు దిబ్బలు కిటికీల ఎత్తున ఉన్నాయి.

"ఉంటాను," అంది.

నన్ను షెడ్డు దగ్గర దింపినప్పుడు ఆల్సీడ్ ఇంజన్ కూడా ఆపలేదు.

వారం రోజులు అతను నా దగ్గరికి రాలేదు. నేనూ వెళ్లలేదు. రోడ్డు మీద ఎవరూ నా షెడ్డు దగ్గర ఆగలేదు. కోర్టులో ఏం జరిగిందో వాళ్లకి తెలుసు, నేనేం చేయబోతున్నానో కూడా తెలిసిపోయింది. బెర్తా ఒక్కతే ఫోన్ చేసింది. "ఫెర్నాండ్, మా పేరు కూడా అందులో ఉంటుందా నాయనా?" అని అడిగింది. ఉంటుందన్నాను. ఆమె ఫోన్ పెట్టేసింది.

వేరే లాయర్‌ని పెట్టుకోలేదు. పెట్టుకుంటే వద్దంటాడని తెలుసు. మళ్లీ అడిగే గడువుకి మూడు రోజుల ముందు జెర్మేన్ కారులో నన్ను ప్రెస్క్ ఐల్ తీసుకెళ్లింది. నేను నోటితో చెబుతుంటే లాయరమ్మ దగ్గర పనిచేసే ఒకావిడ టైపు చేసింది. నాలుగు పేజీలయింది. సంతకానికి ముందు పైకి చదివి వినిపించాలట. లాయరమ్మ చదవడం మొదలుపెట్టింది. నేను నేల వైపు చూస్తూ కూర్చున్నాను. నా మాటలు వేరే గొంతులో వింటుంటే అవి ఎవరో దుర్మార్గుడివిలా ఉన్నాయి. చివర్లో, కోర్టులో ప్రమాణం చేసి నేను చెప్పింది అబద్ధమని రాసిన చోట, ఆవిడ ఒక్క క్షణం ఆగి నన్ను చూసింది. తలూపాను. చదివింది.

జెర్మేన్ ఒక్కసారే అడ్డుపడింది, కట్టెల సంగతి దగ్గర.

"'అక్టోబర్ పదహారు, మంగళవారం'," అని చదివింది లాయరమ్మ.

"మంగళవారం కాదు," అంది జెర్మేన్. "ఆ బొమ్మ మీద పదిహేడని ఉంది. బుధవారం. నేను బళ్లో వంటకి వెళ్లే రోజు."

"చిన్న తేడానే, సరిచేస్తాను," అంది లాయరమ్మ.

"మంగళవారం నేను ఇంట్లోనే ఉంటాను," అంది జెర్మేన్. ఎవరితోనూ కాదు, చేతి తొడుగుల్ని చూసుకుంటూ. "నేనుంటే తలుపు తీసేదాన్ని. 'నేనే జెర్మేన్ డేగల్‌ని, ఏంటి బాబూ ఆ కాగితం' అని తీసుకునేదాన్ని."

లాయరమ్మ దాన్ని కొట్టేసి పదిహేడు, బుధవారం అని రాసింది. కాగితాలు నా ముందుకు తోసింది. సంతకం చేశాను. నాలుగు పేజీల కిందా చేశాను.